షేల్ రాయి పక్వత ఒక్క అంకెతో తేలుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. ఒక షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయి) నమూనాకు ప్రయోగశాల పరీక్షలో టీమ్యాక్స్ అనే పక్వతా సూచిక 445 డిగ్రీలు వస్తే అది చమురు ఇచ్చే రాయేనని విన్నాను. ఆ ఒక్క అంకె చాలుతుందా?
– ఒక విద్యార్థిని

జవాబు: చాలదమ్మా. 445 అనే అంకె ఆ రాయి భూమిలోపలి వేడికి ఏ మేరకు మగ్గిందో సూచిస్తుందే తప్ప, మగ్గడానికి అందులో ఏముందో, ఎంత ఉందో చెప్పదు.

రాక్-ఎవాల్ యంత్రంలో చిటికెడు రాతిపొడిని గాలి తగలకుండా జడవాయువులో వేడిచేస్తారు. 300 డిగ్రీల దగ్గర, రాతిలో అప్పటికే తయారై ఉన్న హైడ్రోకార్బన్లు ఆవిరై వస్తాయి; అది ఎస్1. ఆపైన నిమిషానికి 25 డిగ్రీల చొప్పున వేడి పెంచితే కెరోజెన్ (రాతిలోని ఘన సేంద్రియ పదార్థం) విచ్ఛిన్నమై మరికొంత వస్తుంది, అది ఎస్2. ఈ రెండవది గరిష్ఠంగా వెలువడిన ఉష్ణోగ్రతను బట్టే టీమ్యాక్స్‌ను నిర్ణయిస్తారు. కనుక అది కొలిమిలోని వేడి. భూగర్భంలో చమురు సుమారు 60 నుంచి 150 డిగ్రీల మధ్యనే, లక్షల నుంచి కోట్ల ఏళ్లు పట్టి తయారవుతుంది. ఈ రెండు ఉష్ణోగ్రతలనూ కలగలిపే పొరపాటు చాలామంది విద్యార్థులు చేస్తారు.

ఎస్2ను సేంద్రియ కర్బన శాతంతో భాగించి 100తో గుణిస్తే హైడ్రోజన్ సూచిక వస్తుంది. ఇంకా పక్వం కాని రాతిలో అది 300 దాటితే చమురుకు, 200 లోపు ఉంటే ప్రధానంగా వాయువుకు అనుకూలం. మన గోదావరి డెల్టా అడుగున ఉన్న పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం పొరల్లో బొగ్గూ, షేలూ కలిసి ఉంటాయి. నేల మీద పెరిగిన మొక్కల అవశేషాలే వాటి ముడిసరుకు గనుక అవి ఎక్కువగా వాయువునే ఇస్తాయి. మండపేట ప్రాంతపు వాయు నిక్షేపాలకు ఆ పొరలే మూలమని చెబుతారు. అయితే రాయి మగ్గేకొద్దీ ఈ సూచిక పడిపోతుంది కాబట్టి, ఈనాటి తక్కువ అంకెను చూసి ఆ రాయి మొదటినుంచీ పేదదేనని తీర్పు చెప్పడం సరికాదు.

నమూనా శుభ్రత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రిగ్గు దగ్గర జల్లెడ మీదికి వచ్చే రాతి తునకలకు డ్రిల్లింగ్ బురద పట్టి ఉంటుంది, పై పొరల నుంచి రాలిన ముక్కలూ వాటిలో కలుస్తాయి. ఆ బురదలోని నూనె జాతి పదార్థాలు ఎస్1ను పెంచి, టీమ్యాక్స్‌ను తగ్గించి చూపవచ్చు. అందుకే తునకలను కడిగి, తక్కువ వేడిలో ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. ఎస్2 మరీ తక్కువగా ఉన్న నమూనాలో టీమ్యాక్స్‌ను అసలు లెక్కలోకి తీసుకోకూడదు.

దీనికి తోడుగా విట్రినైట్ (మొక్కల కలప నుంచి ఏర్పడిన రేణువులు) పరావర్తనం కొలవాలి. రాతిని నునుపుగా సానపట్టి, నూనె చుక్క వేసి, ఆ రేణువులు కాంతిని ఎంత శాతం వెనక్కి పంపుతున్నాయో చూస్తారు. 0.6 నుంచి 1.3 వరకు చమురు దశ, అది దాటితే వాయు దశ, 2 దాటితే పొడి వాయువు. ఇక్కడా మోసపోయే అవకాశం ఉంది. గోదావరి ఎగువన బొగ్గు పొరలున్న నేలల మీదుగా పారి వస్తుంది కదా. పూర్వపు నదులూ అలాగే అంతకుముందే మగ్గిన పాత రేణువులను ఒండ్రుతో మోసుకొచ్చి కొత్త షేల్‌లో కలపగలవు. అప్పుడు కొలతల పటంలో రెండు గుట్టలు కనబడతాయి. పెద్ద గుట్టను కాక, సాధారణంగా తక్కువ విలువ ఉన్న గుట్టనే ఆ రాతి స్వంత పక్వతగా తీసుకుంటారు.

మళ్లీ 445 అని ఎవరైనా చెబితే, అది కోర్ ముక్కా (బావిలోంచి స్తంభంలా కోసి తీసిన రాయి), జల్లెడ తునకా అని ముందు అడగండి. తర్వాత ఎస్2, కర్బన శాతం అడగండి.