డీకన్ గారి జ్ఞాపకార్థ కార్డులో ‘కీర్తిశేషులు’ రాయవచ్చా?

సందేహం: మా నాన్నగారు బాప్టిస్టు సంఘంలో చాలాకాలం డీకన్‌గా (పాస్టరుకు తోడుగా సంఘం పనులు చూసే సేవకుడిగా) ఉన్నారు. మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడికకు కార్డు, ఒక పేజీ జీవిత సంగ్రహం వేయిస్తున్నాం. పేరు ముందు ‘కీర్తిశేషులు’ అని పెడితే అది మన మాట కాదంటున్నారు మా చిన్నాన్న. ‘ప్రభువునందు నిద్రించిరి’ అనాలా, ‘నిద్రించారు’ అనాలా? డీకన్‌ను తెలుగులో ‘పరిచారకుడు’ అనవచ్చా? ఇంటిని ప్రాణంగా చూసుకున్న మనిషి, ‘ఫ్యామిలీ మ్యాన్’ అనడానికి మాట ఏదైనా ఉందా? – ఒక పాఠకురాలు

సమాధానం: ‘కీర్తిశేషులు’ నిరభ్యంతరంగా రాయండి. కీర్తి మాత్రమే శేషంగా గలవారు అని విగ్రహవాక్యం, బహువ్రీహి సమాసం. ఇందులో స్వర్గం లేదు, ఏ దేవుడి పేరూ లేదు. మీ చిన్నాన్నగారి అభ్యంతరం ‘పరమపదించారు’, ‘శివైక్యం చెందారు’ వంటివాటికైతే సరిగ్గా సరిపోతుంది. మొదటిది వైష్ణవుల వైకుంఠం, రెండోది శైవుల మాట. ‘స్వర్గస్థులయ్యారు’ అని రాయదలిస్తే ‘స్థ’ అని రాయండి. ప్రెస్సువాళ్లు ‘స్వర్గస్తులు’ అని వేసేస్తుంటారు. ‘శ్రద్ధాంజలి’లోని ధ వత్తుకూ అదే గతి.

‘కీ.శే.’ కార్డు మీద పేరు ముందు ఒక్కసారి చాలు. పక్కనే ‘లేట్’ తగిలించవద్దు, రెండూ ఒకటే. జీవిత సంగ్రహంలో అసలు వద్దు. ‘కీ.శే. ఫలానా గారు 1985లో డీకన్ అయ్యారు’ అంటే పోయాక అయినట్టుంది.

‘ప్రభువునందు నిద్రించారు’ మీ సంఘపు సొంత మాట, దాన్నే ఉంచండి. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో భోజన పంపకం చూడటానికి ఏడుగురిని ఏర్పరచుకున్నారు. తొలి డీకన్లు వాళ్లేనని సంప్రదాయం. వాళ్లలో స్తెఫను మరణాన్ని 7వ అధ్యాయం చివర ‘నిద్రించెను’ అనే చెప్పారు. డీకన్ గారి కార్డుకు ఇంతకన్నా తగిన క్రియ దొరకదు. ‘నిద్రించిరి’ తప్పేమీ కాదు, గ్రాంథికం. పై వరుసలో ‘నిద్రించిరి’, కింది వరుసలో ‘సేవ చేశారు’ అని కలగాపులగం చేస్తేనే చెడుతుంది. మీ వాక్యాలన్నీ వ్యావహారికంలో రాసి, వచనాన్ని మాత్రం బైబిల్లో ఉన్నది ఉన్నట్టు దించండి. ఫొటో కింద చాలామంది వేసే 2 తిమోతి 4:7లో ‘నా పరుగు కడ ముట్టించితిని’ అని పౌలు తన గురించి తాను అంటున్నాడు. దాన్ని ‘తన పరుగు కడముట్టించారు’ అని మార్చి ఉల్లేఖన చిహ్నాల మధ్య పెట్టకూడదు. మార్చాలనుకుంటే చిహ్నాలు తీసేసి మీ మాటగా రాసుకోండి.

ఇక డీకన్. తెలుగు బైబిల్లో ఫిలిప్పీ 1:1లోనూ, 1 తిమోతి 3లోనూ ఉన్న మాట ‘పరిచారకులు’. అర్థం సరైనదే. చిక్కేమిటంటే, బడి తెలుగులో పరిచారకుడంటే రాజుగారి దగ్గర వింజామర వీచేవాడు! సంఘం బయటి బంధువులు కూడా కార్డు చదువుతారు కనుక ‘డీకన్’ అనే ఉంచండి. డీకన్‌గా, డీకన్లు అని మన ప్రత్యయాలు హాయిగా ఇముడుతున్నాయి. ‘పరిచర్య’ మాత్రం వదులుకోవద్దు: ‘డీకన్‌గా పరిచర్య చేశారు’ అంటే నిండుగా ఉంటుంది. ఏ సంఘమో కూడా తప్పక రాయండి. బాప్టిస్టుల్లో డీకన్ సంఘం ఎన్నుకున్న విశ్వాసి. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లోనూ కతోలికుల్లోనూ డీకన్ అంటే అభిషేకం పొందిన వ్యక్తి, చాలావరకు అది గురుత్వానికి, అంటే మతగురువు పదవికి, ముందు మెట్టు. సంఘం పేరు లేకపోతే అటువాళ్లు మీ నాన్నగారిని అయ్యగారు (పాస్టరు) అనుకుంటారు. పేరు ముందు ‘రెవ.’ (రెవరెండ్) ఎలాగూ పెట్టకూడదు.

‘ఫ్యామిలీ మ్యాన్’కు ఒక్క మాట వెతకకండి. కుటుంబీకుడంటే కుటుంబ సభ్యుడు, అంతే. సంసారి అంటే పెళ్లాం పిల్లలున్నవాడు. 1 తిమోతి 3:12లో పరిచారకుడికి చెప్పిన ‘ఏకపత్నీ పురుషుడు’ అనే అర్హతను కార్డు మీద వేస్తే చదివేవాళ్లు మరోలా నవ్వుకుంటారు. ‘అందరిచేత ప్రేమించబడిన’ కూడా తెలుగు కాదు. ‘అందరికీ ప్రియమైన’ చాలు. విశేషణాలు తగ్గించి ఆయన చేసిన పని చెప్పండి: ‘నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేసేవారు. కానుకల లెక్క ఆ రోజే పుస్తకంలో ఎక్కించేవారు. సాయంత్రం మాత్రం పిల్లలతోనే భోజనం.’ ఆ మనిషి ఎవరో తెలియడానికి ఈ మూడు వాక్యాలు చాలు. వీటిలో మీ నాన్నగారికి వర్తించేవే రాయండి సుమా.

ఇలాంటి సంగ్రహాల్లో ఎక్కువగా దొర్లే తప్పు కర్త మారిపోవడం. ‘ఆయన 1975లో సంఘంలో చేరి, సంఘస్థులు డీకన్‌గా ఎన్నుకున్నారు’ అంటారు. ‘చేరి’కి కర్త నాన్నగారు, ‘ఎన్నుకున్నారు’కు సంఘస్థులు. క్త్వార్థకం (‘చేరి’, ‘వచ్చి’ వంటి అసమాపక క్రియ) వచ్చినప్పుడు రెండు పనులూ ఒకరివే కావాలి. ‘సంఘంలో చేరాక సంఘస్థులు ఆయనను డీకన్‌గా ఎన్నుకున్నారు’ అంటే సరిపోయింది. ‘ముగ్గురు పిల్లలను కలిగి ఉన్నారు’ కూడా వద్దు. ‘ఆయనకు ముగ్గురు పిల్లలు’.

‘ఆయన ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థిస్తూ’ అనే వాక్యం పత్రికల నుంచి వచ్చి కార్డుల్లో చేరుతోంది. మృతుల కోసం ప్రార్థించడం కతోలికుల ఆచారం. నవంబరు 2న సమాధుల పండుగ చేసేది కూడా అందుకే. బాప్టిస్టులు మృతుల కోసం ప్రార్థించరు, మిగిలినవారి ఆదరణ కోసం ప్రార్థిస్తారు. కాబట్టి ‘కుటుంబానికి ఆదరణ కలగాలని’ అనండి.

వయసు దగ్గర జాగ్రత్త. ఉదాహరణకు 12-3-1949న పుట్టి 5-11-2023న పోయిన వారికి నిండినవి 74 ఏళ్లు, నడుస్తున్నది 75వ ఏడు. ‘74 ఏళ్ల వయసులో’ అనీ, ‘75వ ఏట’ అనీ రెండూ సరైనవే. ‘74వ ఏట’ అంటే తప్పు.