రాత్రి ఒక్క ఫోన్ కాల్ సరిపోతుందా, పగలంతా లైన్ కావాలా?

ప్రశ్న: మా సంస్థ పాత ఫైళ్లు సర్దుతుంటే 1993 నాటి నోట్ ఒకటి దొరికింది. ఇంటర్నెట్‌తో కలవడానికి యూయూసీపీ, స్లిప్, సెకనుకు 56 కిలోబిట్ల లీజు లైన్ (ఎప్పుడూ తెరిచి ఉండే అద్దె లైను) అని మూడు దారులు రాసి, అన్నిటికన్నా వెనకబడినదిగా కనిపించే మొదటిదానికే టిక్కు పెట్టారు. ఎందుకంటారు?

జవాబు: డబ్బు లేక అలా చేశారని తేల్చేయకండి. ఆ టిక్కు పెట్టినవారు తమ అవసరాన్ని సరిగ్గా లెక్క వేసుకున్నారని నాకనిపిస్తోంది. ఈమెయిళ్లు అందితే చాలా, లేక మన కంప్యూటర్లు పగలంతా నెట్‌లో ఉండాలా అన్నది తేల్చుకున్నాకే ఆ రోజుల్లో ఖర్చు మాట వచ్చేది.

కంప్యూటర్లు ఫోన్ మీద ఫైళ్లు, ఈమెయిళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి యూయూసీపీ. ఇది 1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో పుట్టింది. సిబ్బంది పగలు రాసిన ఈమెయిళ్లన్నీ ఆఫీసు కంప్యూటర్‌లో వరుస కట్టి ఉండేవి. కాల్ రేట్లు తగ్గే రాత్రివేళ మోడెమ్ తనంతట తానే సర్వీసు ప్రొవైడర్ కంప్యూటర్‌కు డయల్ చేసి, కీచుమంటూ దానితో జత కలిసి, వెళ్లవలసినవి అప్పగించి, వచ్చినవి తీసుకుని ఫోన్ పెట్టేసేది. ఒక సాదా కంప్యూటరు, ఒక మోడెమ్, ఒక ఫోన్ లైను ఉంటే సరిపోయేది. పైగా 1986లో వచ్చిన ఎంఎక్స్ రికార్డుల (ఒక డొమైన్ పేరుకు వచ్చే ఈమెయిల్‌ను ఏ కంప్యూటర్‌కు పంపాలో చెప్పే నమోదులు) ఏర్పాటు వల్ల, నెట్‌లో నేరుగా లేని సంస్థ కూడా సొంత డొమైన్ పేరుతో ఈమెయిళ్లు అందుకోగలిగేది. దాని తరఫున ప్రొవైడర్ కంప్యూటర్ వాటిని తీసుకుని ఉంచేది. ఇంత తక్కువ ఖర్చుతో అంత గౌరవమైన చిరునామా దొరకడం చిన్న సంగతి కాదు. టెల్‌నెట్ (దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించి పనిచేయడం), ఎఫ్‌టీపీ (ఫైళ్లు నేరుగా దించుకోవడం) లాంటివి మాత్రం కుదిరేవి కావు.

అవి కావాలంటే స్లిప్ అనే పద్ధతి ఉండాల్సి వచ్చేది. మామూలు ఫోన్ లైను మీదే, కాల్ నడుస్తున్నంతసేపూ మన కంప్యూటర్ నెట్‌లో భాగమయ్యేది. అయితే సెకనుకు 14,400 బిట్ల మోడెమ్‌తో 1 మెగాబైట్ ఫైలు దించుకోవడానికి సుమారు 10 నిమిషాలు పట్టేది, నిమిషాల లెక్కన బిల్లు కట్టే చోట ఆ మీటరు తిరుగుతూనే ఉండేది. రోజూ గంటల తరబడి కాల్ చేయవలసి వస్తే, లీజు లైనే చౌక అయ్యే పరిస్థితి కూడా వచ్చేది.

లీజు లైన్‌కు వాడినా వాడకపోయినా నెలవారీ అద్దె కట్టవలసి వచ్చేది, ప్రొవైడర్ కేంద్రం ఎంత దూరమైతే సాధారణంగా అద్దె అంత పెరిగేది. లైన్ అద్దె టెలిఫోన్ కంపెనీకి, కనెక్షన్ రుసుము ప్రొవైడర్‌కు వేరువేరుగా చెల్లించవలసి వచ్చేది; రౌటరు, లైన్ చివర అమర్చే పరికరాలు అదనం. అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయే ఖర్చు మనిషి జీతం. మెయిల్ సర్వర్‌ను, డొమైన్ పట్టికలను చూసుకుంటూ, బయటినుంచి ఎవరూ చొరబడకుండా కాపలా కాసే మనిషి లేకుండా పగలూ రాత్రీ తెరిచి ఉండే లైను పెట్టుకోవడం ప్రమాదమని 1988లో నెట్‌లోని కంప్యూటర్లలోకి తనంతట తానే చొరబడి వ్యాపించిన మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం అప్పటికే చూపించింది. మీ సంస్థలో అలాంటి మనిషి లేకపోయి ఉంటే, ఆ టిక్కు పడవలసిన చోటే పడింది.

ప్రశ్న: అదే నోట్‌లో డాట్ కామ్ పేరు ఎదుట ఖర్చు గడి ఖాళీగా ఉంది. మరిచిపోయారా?

జవాబు: లేదు. అప్పట్లో నమోదుకు రుసుము లేదు. రెండేళ్ల నమోదుకు 100 డాలర్ల చొప్పున వసూలు చేయడం 1995 సెప్టెంబరులో మొదలైంది.