కాలిన రెసిస్టర్ మార్చేముందు

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను, మోటార్ వేగం మార్చే డ్రైవ్‌లోని ప్రీచార్జ్ రెసిస్టర్ బొగ్గులా మాడిపోయింది. కొత్తది వేసేస్తా బాబాయ్ అన్నావు. ఆగు.

ఆ రెసిస్టర్ దానంతటది మాడదురా. పవర్ ఇవ్వగానే ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంట్ లాగకుండా దాని గుండా నింపుతారు, బస్, అంటే ఆ కెపాసిటర్లున్న డీసీ లైన్, నిండాక కాంటాక్టర్ (కాయిల్‌తో మూసుకునే స్విచ్) పికప్ అయి దాన్ని బైపాస్ చేస్తుంది. మహా అయితే కొన్ని సెకన్ల పని. అంతకుమించి ఎందుకు మోసిందో నువ్వు కనుక్కోవాలి.

సప్లై కట్ చేసి తాళం వెయ్యి. మాన్యువల్లో చెప్పినంతసేపు ఆగి, డీసీ ప్లస్, మైనస్ మధ్య మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టు. 415 వోల్టుల లైన్ మీద బస్ 580 దాటుతుంది. డిస్‌ప్లే ఆరిపోయిందని నమ్మేసి ఒకసారి ముట్టుకున్నాను, నా కుడి అరచేతి మీద మచ్చ అదే.

డ్రైవ్ విప్పకముందే ఆపరేటర్‌ని అడుగు, మోటార్ ఆపడానికి డ్రైవ్‌కి సప్లై ఇచ్చే మెయిన్ కాంటాక్టర్‌నే ఆఫ్ చేస్తున్నారా అని. గంటకి పదిసార్లు అలా చేస్తే రెసిస్టర్ చల్లారే వ్యవధి ఉండదు, ఎన్ని మార్చినా మాడుతూనే ఉంటాయి.

తర్వాత మీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి, సప్లై వచ్చే ఆర్, ఎస్, టీ నుంచి ప్లస్‌కీ మైనస్‌కీ షార్ట్ ఉందేమో చూడు, మోటార్‌కి వెళ్లే యూ, వీ, డబ్ల్యూ నుంచి కూడా. బ్రేక్ రెసిస్టర్ ఉంటే ఆ వైర్లు విప్పి బ్రేక్ ఐజీబీటీ (ఆ రెసిస్టర్‌ని ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) షార్ట్ అయిందేమో చూడు, చాలామంది ఇది మర్చిపోతారు. అది షార్ట్ అయితే బస్ సగంలోనే ఆగిపోతుంది, ఆ కరెంటంతా పాపం ఈ ప్రీచార్జ్ రెసిస్టరే మోస్తుంది.

అన్నీ బాగుంటే నా అనుమానం రెసిస్టర్‌ని బైపాస్ చేసే ఆ కాంటాక్టర్ మీదే. ఒక మిల్లులో 60 హెచ్‌పీ డ్రైవ్‌కి నేనే మూడు రెసిస్టర్లు మార్చాను. ఖాళీగా తిరిగేది, లోడ్ పడగానే బస్ వోల్టేజ్ పడిపోయి అండర్ వోల్టేజ్ ట్రిప్. చివరికి కాంటాక్టర్ విప్పితే పాయింట్లు మాడి గుంటలు పడి ఉన్నాయి, కాయిల్ మాత్రం టక్‌మని లాగుతోంది. శబ్దం విని మోసపోయాను. కాయిల్‌కి వోల్టేజ్ వస్తోందా, కాంటాక్టర్ మూసుకుందని చెప్పే ఆక్సిలరీ కాంటాక్ట్ ఫీడ్‌బ్యాక్ డ్రైవ్ కంట్రోల్ కార్డుకి చేరుతోందా కూడా చూడు. కొన్ని పెద్ద డ్రైవ్‌లలో కాంటాక్టర్ ఉండదు, ఎస్‌సీఆర్ (గేట్ సిగ్నల్ ఇస్తేనే ఆన్ అయ్యే డయోడ్ లాంటిది) బ్రిడ్జే ఆ పని చేస్తుంది, అప్పుడు ఆ సిగ్నల్ ఇచ్చే గేట్ కార్డు చూడాలి.

కొత్తది అవే ఓమ్‌లు, అవే వాట్లే కాదు, పవర్ ఇవ్వగానే పడే కరెంట్ దెబ్బ తట్టుకునే రకమే అయి ఉండాలి, కంపెనీ పార్ట్ నంబర్‌తోనే తెప్పించు. మోటార్ కేబుళ్లు విప్పి, మీటర్ క్లిప్పులు ముందే బస్‌కి తగిలించి, తలుపు వేసి పక్కకి నిలబడి ఆన్ చెయ్యి. ఆ రీడింగ్ ఎంత వచ్చిందో, ఎక్కడ ఆగిందో రాత్రికి నాకు పంపు.

బాబాయ్