బీడీఎస్ సీటా, పన్ను లోపలి కణాలా?

"అమ్మాయి బైపీసీ అయింది, ఎంబీబీఎస్‌కి ర్యాంకు చాలదు, బీడీఎస్ వచ్చేలా ఉంది. తనేమో పన్ను లోపలి కణాలు ఎందుకు ముసలివవుతాయో చదువుతానంటోంది, అదీ ఒక ఉద్యోగమేనా?" అని తెనాలి నుంచి ఒక నాన్నగారు అడిగారు.

ఉద్యోగమేనండీ, కాకపోతే జీతం ఆలస్యంగా మొదలవుతుంది. పైగా అమ్మాయి అడిగేది చిన్న ప్రశ్నేం కాదు. పన్ను పైపొర ఎనామిల్‌లో ప్రాణం ఉండదు, ప్రాణమంతా లోపలి మెత్తటి పల్ప్‌లోనే. అక్కడి ఒడోంటోబ్లాస్ట్ కణాలు మళ్లీ విభజన చెందవు, ఉన్నవే ఏళ్ల తరబడి డెంటిన్ (ఎనామిల్ కింది గట్టి పొర) పోస్తుంటాయి, అలా పోసీ పోసీ పల్ప్ గది ఇరుకైపోతుంది. డెబ్బై ఏళ్ల మామ్మగారికి రూట్ కెనాల్ చేసే డాక్టర్ కాలువ నోరు ఎక్కడుందో వెతుక్కునేది అందుకే. ఆ పల్ప్‌లో మూలకణాలు (విభజన చెంది కొత్త కణాల్ని ఇవ్వగలిగేవి) ఉన్నాయని 2000లో అమెరికాలో జ్ఞానదంతాల నుంచి తీసి చూపించారు.

ల్యాబ్‌లో పనెలా ఉంటుందో తనకి ముందే తెలియాలి. పీకేసిన జ్ఞానదంతాన్ని పగలగొట్టి, పల్ప్ తీసి, కణాల్ని గులాబీ రంగు మీడియంలో (కణాలకి తిండిగా ఇచ్చే ద్రవంలో) 37 డిగ్రీల దగ్గర పెంచుతారు. రెండుమూడు రోజులకోసారి మీడియం మార్చాల్సిందే, ఆదివారమైనా సంక్రాంతైనా. చాలా విడతలు పెరిగాక కణాలు సన్నటి ఆకారం పోయి అప్పడంలా పరుచుకుంటాయి, విభజన ఆగిపోతుంది, అంటే ముసలివయ్యాయన్నమాట, ప్రత్యేకమైన రంగు వేస్తే నీలంగా కనిపిస్తాయి. ఆ నీలం వాటిని మైక్రోస్కోప్‌లో కూర్చుని లెక్కపెట్టడమే పని.

అది ఇష్టమైతే బీడీఎస్‌లో ఐదేళ్లు పెట్టక్కర్లేదన్నది నా అభిప్రాయం. తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. లేదా మామూలు బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదట్లోనే నెలకి 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. హైదరాబాద్‌లో సీసీఎంబీ, బెంగళూరులో ఇన్‌స్టెమ్ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో పన్ను మీదే పని దొరుకుతుందని కాదు, కణాల సంగతి ఎక్కడ నేర్చుకున్నా పన్నుకి పనికొస్తుంది.

పేషెంట్ నోట్లో చెయ్యి పెట్టే పని కూడా నచ్చితే బీడీఎస్, ఆపైన ఎండోడాంటిక్స్‌లో (పల్ప్, రూట్ కెనాల్ వైద్యంలో) ఎండీఎస్ అనే పీజీ మంచి దారే, పీకిన పళ్లు తన చేతికే వస్తాయి. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి మాత్రం వద్దు. ఇంతకీ గుమ్మానికి డాక్టర్ బోర్డు ఉండాలన్న ముచ్చట మీదా, తనదా?

కౌన్సెలింగ్‌కి ముందు తెలిసిన డెంటిస్ట్ దగ్గర ఓ వారం కూర్చోబెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చి పేషెంట్ల గురించి చెబుతోందో, పీకిన పళ్లని ఏం చేస్తారని అడుగుతోందో గమనించి నాకు రాయండి.