ఇంటికెళ్ళాక చూపించుకుందాంలే!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి: ఊరుగాని ఊళ్ళో దెబ్బ తగలడం. మోకాళ్ళ నొప్పుల వాళ్ళు ఏమీ అనుకోకండి, మీ ప్రశ్నలు వచ్చే సంచికలో చూస్తాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, కిందటి నెల మా ఆవిడా నేనూ ఆరు రోజుల టూరుకి వెళ్ళాం. రెండో రోజు సాయంత్రం మెట్లు దిగుతుంటే చివరి మెట్టు దగ్గర ఆమె కాలు మడత పడింది. కాసేపటికే చీలమండ ఉబ్బిపోయింది. పక్కనున్నవాళ్ళు "బెణుకే, రుద్దితే పోతుంది" అన్నారు. ఆమె కుంటుతూ నడుస్తోంది కదా, విరగలేదులే అనుకుని క్రేప్ బ్యాండేజీ చుట్టి, నొప్పి మాత్రలు వేస్తూ మిగతా నాలుగు రోజులూ తిప్పాను. ఇంటికొచ్చి ఎక్స్‌రే తీయిస్తే బయటివైపు ఎముక విరిగిందన్నారు. ఆరు వారాలు సిమెంటు కట్టు. ఆమె ఒక్క మాట కూడా అనడం లేదు. నాకు అదే ఇంకా కష్టంగా ఉంది. అక్కడే తెలుసుకునే దారి ఏమైనా ఉండేదా?

జవాబు: ఉండేది. కానీ మిమ్మల్ని తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పాలి. పన్నెండేళ్ళ క్రితం ఓ ప్రయాణంలో పడవ దిగుతూ, తడిసిన చెక్క మీద జారి కుడిచెయ్యి ఆనించి పడ్డాను. బొటనవేలి మొదట్లో నొప్పి. వాపు పెద్దగా లేదు, వేళ్ళన్నీ కదులుతున్నాయి. బెణుకని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. మావారు ఎక్స్‌రే తీయిద్దామంటే, "రోజూ నేను చూసేవి ఇవే కదా, ఇంటికెళ్ళాక చూద్దాంలే" అన్నాను. మిగతా ట్రిప్పంతా ఆ చేత్తోనే కెమెరా పట్టుకుని తిరిగాను. మూడు వారాల తర్వాత ఒక పొద్దున సీసా మూత తిప్పబోతే చెయ్యి కలుక్కుమంది. నా ఆస్పత్రిలోనే, నా టెక్నీషియన్ ముందే ఫిల్ము పెట్టి చూసుకున్నాను. మణికట్టులో బొటనవేలి వైపు ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక నడిమికి విరిగి ఉంది. చివరికి స్క్రూ వేయించుకోవాల్సి వచ్చింది.

ఆ ఎముక జీడిపప్పంత ఉంటుంది. దానికి రక్తం ఎక్కువగా వేళ్ళ వైపు నుంచి వెనక్కి వస్తుంది. అందుకే నడుమ విరిగితే మణికట్టు వైపు ముక్కకి రక్తం సరిగ్గా అందదు. అతుక్కోవడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు అతుక్కోదు. పరీక్ష మాత్రం మీరే చేసుకోవచ్చు. బొటనవేలిని బాగా పైకి లేపండి. దాని మొదట్లో, రెండు నరాల్లా పైకి తేలిన తాళ్ళ మధ్య చిన్న గుంట పడుతుంది. పూర్వం ముక్కుపొడుం అందులో పోసుకుని పీల్చేవారట, ఇంగ్లిష్‌లో దాని పేరు కూడా అలాగే వచ్చింది. చెయ్యి ఆనించి పడ్డాక ఆ గుంటలో వేలితో నొక్కితే ప్రాణం పోతున్నట్టు ఉందంటే, వాపు ఉన్నా లేకపోయినా విరిగిందనే అనుకుని కట్టు వేయించుకోవాలి. మొదటి రోజు ఎక్స్‌రేలో చీలిక కనపడకపోవచ్చు. పది పద్నాలుగు రోజులకి మళ్ళీ తీయించాలి. "ఎక్స్‌రే నార్మల్" అన్నారని ఆ కాగితం పట్టుకుని బరువులు మోసేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ఇక మీ ఆవిడ కాలి విషయం. 1992లో కెనడాలోని ఒటావాలో ఇయాన్ స్టీల్ అనే డాక్టరూ ఆయన బృందమూ దీనికి ఒక పద్ధతి చెప్పారు. ప్రపంచమంతా ఎమర్జెన్సీల్లో వాడుతున్నారు. చీలమండకి రెండు వైపులా బుడిపెల్లా ఎముకలు ఉంటాయి కదా, వాటి కొసన, వెనక అంచు వెంబడి పైకి ఆరు సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కాలి. మెత్తటి వాపు మీద కాదు, సరిగ్గా ఎముక మీద. అక్కడ నొప్పి ఉంటే ఎక్స్‌రే తప్పదు. పాదం బయటి అంచున, చిటికెన వేలి వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీదా, లోపలివైపు పాదం వంపు పైన ఉన్న ఎముక మీదా అంతే. దెబ్బ తగిలినప్పుడూ, డాక్టరు చూసేటప్పుడూ కూడా కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయలేకపోతే అప్పుడూ ఎక్స్‌రే కావాలి.

మీరు పొరబడింది ఇక్కడే. నడవలేకపోతే ఎక్స్‌రే తీయించాలన్న మాట నిజమే కానీ, నడిస్తే విరగనట్టేనన్న మాట నిజం కాదు. బయటివైపు ఎముక శరీరం బరువులో కొద్ది భాగమే మోస్తుంది. అది విరిగినా చాలామంది నడిచేస్తారు. ఆ సాయంత్రం మీరు ఒక్కసారి వేలితో నొక్కి చూసి ఉంటే ఆవిడ అరిచేవారు, మీకు సంగతి తెలిసిపోయేది. ఒక్క హెచ్చరిక: షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కిన వాళ్ళకి ఈ పరీక్ష పనికిరాదు. నొప్పి లేదని వాళ్ళన్నా నమ్మొద్దు.

దెబ్బ తగిలిన మొదటి పది నిమిషాల్లో ఐస్ కోసం పరిగెత్తకండి. చెయ్యి అయితే ముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. గంటలో వేలు లావెక్కితే ఉంగరాన్ని కోయాల్సిందే. కాలు అయితే, ఇంకా కొంత దూరం నడిస్తే తప్ప మనుషులు దొరకని చోట ఉన్నప్పుడు బూటు విప్పొద్దు. లేసులు వదులు చేయండి చాలు. ఒకసారి విప్పితే ఆ కాలు మళ్ళీ అందులో పట్టదు. కూర్చునే చోటు దొరికాక విప్పి, చీలమండ చుట్టూ దిండు మడిచి పొడవాటి గుడ్డతో కట్టేస్తే దాన్ని మించిన కట్టు లేదు. మణికట్టుకి మందపాటి మేగజైను అట్ట అయినా సరిపోతుంది. (ఈ పత్రికే వాడుకోండి, సంపాదకులు ఏమీ అనుకోరు.) కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టి పడుకోవాలి. ఐస్ అయితే గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి, నొప్పి తగ్గుతుంది. అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. 1978లో విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తు అని నాలుగు మాటల సూత్రం చెప్పిన అమెరికా డాక్టర్ గేబ్ మర్కిన్, ఐస్ విషయంలో 2014లో తనే వెనక్కి తగ్గారు. రుద్దడం మాత్రం వద్దే వద్దు. నొప్పి మాత్ర వేసుకోవచ్చు, కానీ అది డాక్టరు దగ్గరికి చేరే వరకే. దాని బలంతో ఇంకో చోటు చూసి రావడానికి కాదు.

మీ ఆవిడ ఏమీ అనడం లేదంటే, అనడానికి ఇంకా ఆరు వారాలు ఉన్నాయి కదా. ఈలోగా ఆమె పక్కన ఎత్తుగా రెండు దిళ్ళు వేసి, మంచినీళ్ళు అందిస్తూ ఉండండి.

ప్రశ్న: మా తమ్ముడు వేరే దేశంలో ఉండగా జారిపడి మోకాలి కింద ఎముక విరిగింది. అక్కడ సిమెంటు కట్టు వేశారు. మర్నాడే ఫ్లైట్. ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఎక్కనివ్వలేదు, టికెట్ పోయింది. ఇది అన్యాయం కాదా? ఆపరేషన్ కూడా అక్కడే అంటున్నారు. ఇక్కడికి తెచ్చేస్తే మంచిది కదా?

జవాబు: టికెట్ పోయినందుకు బాధే, కానీ కాలు దక్కింది. విరిగిన తొలి రోజుల్లో లోపల వాపు పెరుగుతూ ఉంటుంది, గట్టి కట్టుకి సాగే గుణం లేదు. పైగా విమానంలో గాలి ఒత్తిడి దాదాపు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది. కట్టులో చిక్కుకున్న గాలి కూడా ఉబ్బుతుంది. అందుకే రెండు గంటల లోపు ప్రయాణానికి కట్టు వేసి 24 గంటలైనా, అంతకన్నా దూరానికి 48 గంటలైనా గడవాలని చాలా ఎయిర్‌లైన్స్ అంటాయి. తప్పనిసరైతే కట్టుని నిలువునా రెండుగా చీల్పించి పైన బ్యాండేజీ చుట్టించుకుని, డాక్టరు దగ్గర ప్రయాణానికి ఫిట్ అని సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళాలి. కాలు చాపుకునే సీటు ముందే అడగండి. ఎమర్జెన్సీ డోరు పక్క సీటు మాత్రం ఇవ్వరు.

ఒక్కటి గుర్తుంచుకోమనండి. కట్టు వేశాక నొప్పి రోజురోజుకీ తగ్గాలి. మాత్రలకి లొంగకుండా పెరుగుతున్నా, వేళ్ళని ఎవరైనా మెల్లగా లాగితేనే ప్రాణం విలవిల్లాడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా ఆ కట్టుని అప్పటికప్పుడు కోయించాలి. ఇంటికొచ్చి కాదు, మర్నాడు పొద్దున కాదు. మోకాలి కింద ఎముక విరిగినప్పుడు కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడు చేతిలో ఉండేది కొన్ని గంటలే. కాలు కదలకుండా గంటలకొద్దీ కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది. దానికి ఇంజక్షన్ కావాలా వద్దా అన్నది డాక్టర్ని అడగాలి, సొంతంగా ఆస్ప్రిన్ మింగేసి సరిపెట్టుకోకూడదు.

ఆపరేషన్ ఎక్కడ అన్నది విరుపుని బట్టి ఉంటుంది. చర్మం చీలి ఎముక బయటపడినా, కీలు తప్పినా, పాదం చల్లబడినా ఇల్లు గురించి ఆలోచించొద్దు, దగ్గర్లో ఎవరుంటే వాళ్ళే చేయాలి. పెద్దవాళ్ళకి తుంటి విరిగితే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలి. వాళ్ళని మంచం మీదే ఉంచి ఇంత దూరం మోసుకొస్తే న్యుమోనియాకి ఎదురెళ్ళినట్టే. చర్మం చెక్కుచెదరకుండా, లోపల్లోపల విరిగిన వాటిలో చాలా వాటికి మాత్రం కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. చీలమండ విరుపులకైతే మేమే వారం వరకూ ఆగుతాం, వాపు దిగి చర్మం మీద సన్నటి ముడతలు కనపడేదాకా. మీ తమ్ముడిది ఏ రకమో నాకు ఎక్స్‌రే పంపితే చెప్పగలను. అక్కడి డాక్టరు రేపే చేయాలన్నారంటే మాత్రం ఎందుకో అడగండి. పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి కారణమైతే చేయించేయండి.

ప్రశ్న: ప్రయాణంలో దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే అక్కడి నుంచి ఏయే కాగితాలు తెచ్చుకోవాలి? ఇన్సూరెన్స్ ఉంది.

జవాబు: ఆస్పత్రిలో చేరకముందే ఇన్సూరెన్స్ వాళ్ళ ఇరవైనాలుగు గంటల నంబరుకి ఫోన్ చేయండి, ప్రాణాపాయమైతే చేరాక వెంటనే. ఆ నంబరూ పాలసీ నంబరూ మీ ఫోన్లోనే కాదు, తోడొచ్చినవాళ్ళ ఫోన్లోనూ ఉండాలి. పడినప్పుడు ముందు పగిలేది మన ఫోనే. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ అందరూ తెచ్చుకుంటారు. ఎక్స్‌రే రిపోర్టు తెచ్చి ఎక్స్‌రే మర్చిపోతారు. నాకు కావాల్సింది బొమ్మ. కట్టు వేయకముందు తీసినదీ, వేశాక తీసినదీ రెండూ కావాలి.

ఆపరేషన్ చేసి ఎముకకి ప్లేటు గానీ రాడ్డు గానీ వేస్తే, దాని పెట్టె మీద కంపెనీ పేరూ సైజూ ఉన్న చిన్న స్టిక్కర్లు ఉంటాయి. ఆపరేషన్ థియేటర్లో వాటిని కేసు షీటుకి అంటిస్తారు. ఆ పేజీ ఫోటో అడిగి తీసుకోండి. ఎప్పుడైనా ఆ ప్లేటు తీయాల్సి వస్తే, ఆ స్క్రూల తలకి సరిపోయే స్క్రూడ్రైవర్ ఏదో మాకు తెలిసేది దాన్నిబట్టే. స్టిక్కరు లేక, టేబుల్ మీద పేషెంటుని పడుకోబెట్టి ఒకదాని తర్వాత ఒకటి నాలుగు సెట్లు తెరిపించిన రోజు నాకింకా గుర్తుంది.