14 మైక్రాన్ల పోతుకు 15.5 మైక్రాన్ల పిల్లలు ఎందుకు పుట్టాయి?

మీ మేకల మందకు 14 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నూగు, అంటే పై వెంట్రుకల కింద పెరిగే సన్నటి మెత్తటి పష్మీనా బొచ్చు, ఉన్న పోతును (మగమేకను) తెచ్చారు, పిల్లల సగటు 15.5 వచ్చింది, మోసపోయానా అని అడిగారు. మీ ఆడమేకల సగటు 16 అన్నారు కాబట్టి, నాకైతే మోసం కనిపించడం లేదు.

పోతు మీ మంద కన్నా 2 మైక్రాన్లు సన్నం. ఆ తేడాలో సగం జన్యువులది, సగం మేత, వయసులది అనుకుందాం. జన్యువుల వాటా 1 మైక్రాను. అందులోనూ పిల్లకు తండ్రి నుంచి వచ్చేది సగమే. 16లోంచి అర తీసేస్తే 15.5. మీకు వచ్చింది సరిగ్గా అదే.

నేనూ మొదట్లో ఒక్క రిపోర్టు చూసి పోతును కొన్నాను. ఏడాది వయసులో తీసిన నమూనా అది. మా దగ్గర కడుపునిండా తిని, మూడో ఏడు వచ్చేసరికి దాని నూగు దాదాపు 2 మైక్రాన్లు లావెక్కింది. చాలా బాధపడ్డాను. అమ్మినాయన అబద్ధమేమీ చెప్పలేదు. మేకకు వయసు పెరిగేకొద్దీ నూగు లావవుతుందని, మేత తక్కువైతే సన్నబడుతుందని నాకే తెలియదు. ఆకలి వల్ల వచ్చిన సన్నదనం పిల్లలకు దిగదు.

అప్పటి నుంచి ఒకే కాలంలో పుట్టి, ఒకే మేత తిన్న ఈడు మేకలనే ఒకదానితో ఒకటి పోలుస్తున్నాను. నమూనా ప్రతిసారీ పక్కటెముకల మధ్య భాగం నుంచే, నూగు రాలే ముందు తీస్తాను. పోతు విలువ దాని సొంత అంకెలో కన్నా పది పదిహేను పిల్లల సగటులో బాగా తెలుస్తుంది.

జీన్ టెస్ట్ చేయిస్తే తేలిపోదా అని కూడా అడిగారు. ఎక్కువగా వినిపించే ఎఫ్‌జీఎఫ్5 జన్యువుకు ప్రధానంగా వెంట్రుక పొడవుతో సంబంధం. సన్నదనం చాలా జన్యువులు తలా కొంచెం కలిస్తే వచ్చేది, ఒక్క జన్యువు చూసి చెప్పలేం.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. నూగు బరువు, లావు సాధారణంగా కలిసే నడుస్తాయి. నేను మూడేళ్లు సన్నదనమే చూసి ఎంచితే, దువ్వినప్పుడు చేతికొచ్చే నూగు బాగా తగ్గిపోయింది. అందుకే బరువు కూడా రాసుకోండి. సన్నగా ఉండీ బరువు తగ్గని మేకలు ప్రతి మందలో కొన్ని ఉంటాయి, వాటి పిల్లలను అమ్మకండి. ఆ పోతును మాత్రం ఇంకో ఈత దాకా ఉంచి చూడండి.