అమ్మకు ఆపరేషన్, చేతికి సెలైన్: రాత్రి పక్కన ఉండేవాళ్లు ఏమి గమనించాలి?

మీ అమ్మగారికి అరవై దాటాయి, షుగర్ ఉంది, వచ్చే వారం పిత్తాశయంలో రాళ్లకు లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే) ఆపరేషన్, రాత్రిళ్లు పక్కన ఉండేది మీరొక్కరే అని రాశారు. సెలైన్ సీసా అయిపోయే సమయానికి నిద్ర పడితే గాలి నరంలోకి వెళ్లి ప్రాణం పోతుందని ఎవరో చెప్పారట. అది నిజమా, ఇంకా ఏమేమి చూసుకోవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను. మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే: సీసా వైపు కాదు, అమ్మగారి చేతి వైపు చూడండి.

ముందు గాలి సంగతి. ట్యూబులో కనిపించే సన్నని బుడగలు ఒకటీ అరా లోపలికి వెళ్లినా పెద్దవాళ్లకు ఏమీ కాదు. సీసా ఖాళీ అయినా, చేతి నరంలో రక్తానికి కొంత ఒత్తిడి ఉంటుంది కాబట్టి ట్యూబులో మిగిలిన ద్రవం కొంత మట్టానికి దిగి అక్కడ ఆగిపోతుంది. నష్టం వేరే రకంగా జరుగుతుంది. రక్తం వెనక్కి వచ్చి కాన్యులాలో, అంటే నరంలో పెట్టి ఉంచే సన్నని ప్లాస్టిక్ గొట్టంలో, గడ్డకట్టి అది మూసుకుపోతుంది. అప్పుడు మరో నరం వెతికి మళ్లీ గుచ్చాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు నరం దొరకడమే కష్టం. అందుకని సీసాలో కొద్దిగా ఉండగానే మాకు చెప్పండి. అంతే తప్ప దానికోసం రాత్రంతా కళ్లు మూయకుండా కూర్చోనక్కర లేదు. మెడ దగ్గర పెద్ద నరంలో పెట్టే గొట్టం, సెంట్రల్ లైను, విషయం మాత్రం వేరు. అక్కడ గాలి నిజంగానే ప్రమాదం, దాని మూతల జోలికి మీరు అసలు వెళ్లకూడదు.

ఇక చేయి. వార్డులో అందరూ సీసాను కాపలా కాస్తారు, చేతిని ఎవరూ చూడరు. నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఇదే. కాన్యులా నరంలోంచి జారితే ద్రవం చర్మం కిందకు చేరుతుంది. ఆ చోటు ఉబ్బి, బిగుసుకుపోయి, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. నరమే వాస్తే అలా కాదు. ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉంటుంది, ఎరుపు నరం వెంబడి పైకి పాకుతుంది, వేలితో తడిమితే నరం గట్టిగా తాడులా తగులుతుంది. రెండు మూడు గంటలకోసారి లైటు వేసి, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చేతి వేళ్లు లావుగా కనిపిస్తున్నాయా? ప్లాస్టరు అంచు చర్మంలోకి దిగి గాడి పడిందా? ప్లాస్టరు కింద తడి ఉందా? వీటిలో ఏది కనిపించినా, సీసాలో ఇంకా సగం ఉన్నా సరే, వెంటనే పిలవండి. పొటాషియం, కాల్షియం వంటి మందులు చర్మం కిందకు కారితే అక్కడి కండ దెబ్బతిని పుండు పడవచ్చు. అమ్మగారిని కూడా ఊరికే "బాగుందా" అని అడగవద్దు. "ఇక్కడ మంటగా ఉందా, లాగుతోందా" అని చోటు చూపించి అడగండి. మన అమ్మలు "ఫరవాలేదులే, ఈ వేళప్పుడు సిస్టరమ్మను లేపడం ఎందుకు" అంటారు. మేము మేలుకునే ఉంటాం. పిలవండి.

కాన్యులా రంగు గురించి కూడా చాలామంది అడుగుతారు. ఆకుపచ్చది 18 నంబరు, గులాబీ రంగుది 20, నీలిది 22. నంబరు పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఆపరేషనుకు ముందు తరచుగా ఆకుపచ్చది పెడతారు, అవసరమైతే రక్తాన్నీ ద్రవాన్నీ త్వరగా ఎక్కించడానికి. లావు సూది గుచ్చారని కోపం తెచ్చుకోవద్దు. ప్లాస్టరు మీద పెట్టిన తేదీ రాసి ఉండాలి. లేకపోతే అడగండి. నాలుగో రోజు వచ్చినా అదే కాన్యులా ఉంటే, దాన్ని ఉంచాలా తీయాలా అని అడగడం మీ హక్కు. మందు ఎక్కించే ముందు మూతను స్పిరిట్ దూదితో తుడుస్తున్నారో లేదో చూడండి, చేతులు శుభ్రం చేసుకున్నారా అని మర్యాదగా అడగండి. మంచి నర్సు దానికి నొచ్చుకోదు. సెలైన్ ఉన్న చేతికి బీపీ పట్టీ చుడుతుంటే ఆ సంగతి గుర్తు చేయండి.

ట్యూబు మీద ఉండే చిన్న చక్రం మాత్రం ముట్టుకోవద్దు. "త్వరగా అయిపోతే అమ్మ కాసేపు పడుకుంటుంది" అని చక్రం తిప్పేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల ప్రేమ అర్థమవుతుంది, కానీ గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఒక్కసారిగా ద్రవం ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మామూలు సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్ల సీసా ఆరు గంటల్లో వెళ్లాలంటే నిమిషానికి సుమారు 28 చుక్కలు పడాలి. మీ సీసా ఎన్ని గంటలకు రాశారో అడిగి తెలుసుకుని, అప్పుడప్పుడు గడియారం పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టండి. తేడా ఉంటే మాకు చెప్పండి. పడుకున్నప్పుడు ఆయాసం, కొత్తగా దగ్గు మొదలైతే చుక్కల లెక్క పక్కన పెట్టి ముందు మమ్మల్ని పిలవండి.

ఊళ్లో నీరసం వస్తే చాలు, బలానికని సెలైన్ పెట్టించుకునే అలవాటు మనవాళ్లకు ఉంది కాబట్టి ఇది కూడా చెబుతాను. 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అందులో ఒక్క కేలరీ కూడా లేదు. అంతే పరిమాణం గల 5 శాతం డెక్స్‌ట్రోస్ సీసాలో 25 గ్రాముల గ్లూకోజు, మహా అయితే వంద కేలరీలు. ఆపరేషను వేళ ఇవి ఇచ్చేది బలానికి కాదు, నోటితో తాగలేని సమయంలో శరీరంలో నీరు, లవణాలు తగ్గకుండా ఉండటానికి. ఇంకో మాట. షుగర్ ఉన్న మనిషికి గ్లూకోజు సీసా పెట్టారేమిటని గొడవ పడవద్దు. ఉపవాసంలో ఉన్నప్పుడు ఇన్సులిన్‌తో కలిపి లెక్క ప్రకారం ఇస్తారు. మీరు చూడాల్సింది షుగర్ బాగా పడిపోతే కనిపించే చెమటలు, వణుకు, తడబడే మాటలు. అవి కనిపిస్తే వెంటనే షుగర్ పరీక్ష చేయమని అడగండి.

ఆపరేషనుకు ఇంకా వారం ఉంది కదా, ఈ పని ఈ రోజే చేయండి. అమ్మగారు వేసుకునే మాత్రలన్నీ అట్టలతో సహా మత్తు డాక్టరుకు చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు. రక్తం పలచబడే మాత్రలకు కూడా ముందుగా నిర్ణయం తీసుకోవాలి. మీ అంతట మీరు ఏదీ ఆపవద్దు, కొనసాగించవద్దు.

ఉపవాసం విషయంలో కచ్చితంగా ఉండండి. తేలికపాటి ఆహారానికి కనీసం ఆరు గంటలు, నూనె వంటకాలకూ మాంసానికీ ఎనిమిది గంటల ఎడం ఉండాలి. పాలు కలిపిన టీ, కాఫీలను కూడా ఆహారంగానే లెక్కించాలి. మంచినీళ్లకు రెండు గంటలు చాలు, అదీ డాక్టరు ఒప్పుకుంటేనే. తెల్లవారుజామున జాలిపడి పట్టించిన అర గ్లాసు టీ, మత్తులో ఉండగా కడుపులోంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే చాలా ప్రమాదం. ఒకవేళ తాగి ఉంటే దాచవద్దు. ఆపరేషను కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

నగలన్నీ ఇంట్లోనే వదిలి రండి. కరెంటుతో పని చేసే పరికరాల వల్ల లోహం తగిలిన చోట కాలే అవకాశం ఉంది, వేళ్లు వాస్తే ఉంగరం, మెట్టెలు బిగుసుకుపోతాయి. మంగళసూత్రం తీయమంటే కళ్లనీళ్లు పెట్టుకునే పెద్దవాళ్లు ఎందరో. అప్పుడు మేము పసుపు దారానికి పసుపు కొమ్ము కట్టి వేస్తాం. ఆ దారం ముందుగానే ఇంటి నుంచి తెచ్చుకుంటే ఆ ఉదయం అమ్మగారు స్థిమితంగా ఉంటారు. గోళ్ల రంగు తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగ్గా చూపించడానికి. కట్టుడు పళ్లు ఉంటే చెప్పండి.

థియేటరులోకి తీసుకెళ్లేటప్పుడు ఆమె పేరు, ఆపరేషను వివరాలు పదే పదే అడుగుతారు. విసుక్కోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో అది భాగం. దాన్ని మొదట పరీక్షించిన ఎనిమిది నగరాల్లో ఢిల్లీ కూడా ఉంది, అక్కడ మరణాలూ ఇబ్బందులూ తగ్గినట్టు తేలింది.

బయటికి తెచ్చిన తర్వాత మొదటి గంటలో మేము మాటిమాటికీ బీపీ, నాడి చూస్తుంటాం. ఆ సమయంలో బంధువులు మంచం చుట్టూ గుమిగూడకుండా చూడటమే మీరు చేయగల పెద్ద సాయం. యూరిన్ బ్యాగు ఉంటే అందులో ఎంత చేరిందో గమనించండి. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. బ్యాగు లేకపోతే, ఆరు గంటలు దాటినా మూత్రం రాలేదంటే చెప్పండి. లాప్రోస్కోపీ తర్వాత భుజం నొప్పి అనడం మామూలే, కడుపులోకి పంపిన వాయువు వల్ల అలా ఉంటుంది. అయినా షుగర్ ఉన్న మనిషి కాబట్టి అది గుండెకు సంబంధించిన నొప్పి కూడా కావచ్చు, మీరే తేల్చేయకుండా మాకు చెప్పండి.

ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇస్తారు. దాదాపు అందరూ దాన్ని బుడగలా ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. గొట్టాన్ని పెదవులతో బిగించి పట్టి, నెమ్మదిగా గాలి లోపలికి లాగుతూ బంతిని పైకి లేపి, రెండు మూడు క్షణాలు నిలపాలి. మెలకువగా ఉన్న ప్రతి గంటా ఓ పదిసార్లు చేయించండి. కుట్లు నొప్పి పుడితే దిండును పొట్టకు ఆనించి పట్టుకోమనండి. నొప్పి భరించలేక ఊపిరి బిగబట్టి పడుకుంటే కఫం పేరుకుంటుంది, అందుకే నొప్పి మందు అడగడానికి మొహమాటపడవద్దు. నడిపించమని చెప్పిన రోజున ముందు మంచం అంచున కాళ్లు వేలాడేసి కొన్ని నిమిషాలు కూర్చోబెట్టండి, కళ్లు తిరగకపోతేనే లేపండి. సీసాను చేతి కంటే ఎత్తులో పట్టుకోండి.

డిశ్చార్జి రోజున కాగితాల హడావుడిలో కాన్యులా తీశారో లేదో చూసుకోండి. తీసిన చోట దూదితో కొన్ని నిమిషాలు గట్టిగా అదమండి, రుద్దవద్దు. నరం వాపు ఒక్కోసారి ఇంటికి వెళ్లాక బయటపడుతుంది. అక్కడ ఎరుపు పెరుగుతున్నా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా కుట్లు చూపించే రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.